మూడుసార్లు కడిగాక

ఆగస్టు 4

ఇది ల్యాబ్ నోట్‌బుక్ కాదు. అందులో అయితే పేజీ చింపకూడదు, ఏదైనా కొట్టేస్తే పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇందులో ఆ గొడవ లేదు. ఈ పుస్తకం బావ ఇచ్చాడు. అక్క సొరుగులో దొరికిందట, ఒక్క అక్షరం కూడా రాయనిది. "నీకు రాసే అలవాటుంది కదా, పట్టుకెళ్ళు" అన్నాడు. అక్కకు ఆ అలవాటు లేదు. మరి ఎందుకు కొనుక్కుందో.

అక్క పోయి నలభై ఆరు రోజులు. లెక్కపెట్టాలని పెట్టలేదు. ట్యూబులను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ నడుస్తున్నంతసేపూ దాని పక్కన నిలబడాలి, అప్పుడు బుర్ర ఏదో ఒకటి లెక్కపెట్టుకుంటుంది.

ఏడుపు ఇంకా రాలేదు.

ఆగస్టు 5

పనికి వెళ్ళాను. తిన్నాను. పడుకున్నాను.

ఆగస్టు 7

పొద్దున పన్నెండు ట్యూబులు. ప్లాస్మాలో బంగారు రేణువులు కలపడం, ఒంటి వేడిలో గంటసేపు ఉంచడం, తిప్పడం, పైన తేలిన నీళ్ళు తీసేయడం, బఫర్ అనే ఉప్పునీళ్ళు పోసి కడగడం, మళ్ళీ తిప్పడం. అలా మూడుసార్లు. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని. చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, నన్ను అడగవు. ఈమధ్య అదే హాయిగా ఉంది.

మొదటిసారి ఈ రేణువులు చూపించినప్పుడు అక్క మొహం చిన్నబుచ్చుకుంది. "బంగారమన్నావు, ఎర్రనీళ్ళు చూపిస్తావేమే?" అంది. బంగారాన్ని అంత చిన్న రేణువులు చేస్తే ఎర్రగానే ఉంటుందని చెప్పాను. దాన్ని రక్తంలో వేస్తే ఒట్టి రేణువుగా ఉండదనీ, కళ్ళు మూసి తెరిచేలోగా ప్రొటీన్లు వచ్చి ఒంటినిండా అంటుకుంటాయనీ చెప్పాను. ముందు గుంపుగా ఉన్నవి వచ్చి కూర్చుంటాయి. కాసేపయ్యాక గట్టిగా పట్టుకునేవి వచ్చి వాటిని లేపి ఆ చోట్లో కూర్చుంటాయి. శరీరానికి కనిపించేది ఆ తొడుగే, లోపలి రేణువు కాదు.

అక్క శ్రద్ధగా విని, "అంటే మా ఎనిమిదిన్నర బస్సే కదా" అంది. "ముందెక్కిన బక్కప్రాణులు కూర్చుంటారు. రెండు స్టాపులు దాటాక నాలాంటిది ఎక్కి, కాస్త జరగండీ అంటుంది."

మూడుసార్లు ఎందుకు కడుగుతారని కూడా అడిగింది. ఊరికే పక్కన నిలబడ్డవాళ్ళు కొట్టుకుపోవాలి, నిజంగా పట్టుకున్నవాళ్ళే మిగలాలి అన్నాను. కొత్తగా చేరినవాళ్ళకు కూడా ఇలాగే చెబుతాను. బస్సు సంగతి నాదేనన్నట్టు చెప్పేస్తుంటాను. ఇప్పుడు ఎవరూ వచ్చి వాటా అడగరు.

ఆగస్టు 12

మా ల్యాబ్ నడిపే మేడమ్ పిలిచింది. మేము పంపిన వ్యాసాన్ని పరిశీలించిన పెద్దమనుషుల్లో ఒకాయన మెలిక పెట్టాడట. పన్నెండుమంది రక్తం తీసుకుని పదకొండుమంది ఫలితాలే ఇచ్చారేం, ఏడో నంబరును ఎందుకు తీసేశారు అని.

"ఎందుకు తీసేశాం?" అంది మేడమ్.

"కడగడంలో తప్పు మేడమ్."

"ప్లాస్మా మిగిలిందా?"

"ఒక్క ట్యూబు."

"ఇంకేం, మళ్ళీ చేసెయ్. ఆయన నోరు మూయించేద్దాం."

తల ఊపి వచ్చేశాను. ఏడో నంబరు ఎవరో మేడమ్‌కు తెలియదు. మాకు నంబర్లు తప్ప పేర్లు తెలియకూడదు, అది నియమం. కానీ ఆ వారం ఒక మనిషి తక్కువైతే, బస్‌స్టాపులో నిలబడ్డ అక్కను బతిమాలి లాక్కొచ్చింది నేనే. రక్తం తీసే అమ్మాయి సూది గుచ్చుతుంటే అక్క కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. నా గ్లవ్ మీద పట్టుకుంది కాబట్టి ఆ చేతి వేడి తెలియలేదు.

అది పోయినేడు మార్చి తొమ్మిది. ఇరవయ్యో తారీఖున పన్నెండుమంది తొడుగుల నుంచీ ప్రొటీన్లను విడదీసి జెల్ మీద నడిపించాను. ఒక్కో మనిషికి నిలువుగా ఒక్కో వరస, వరసనిండా నీలం గీతలు. పదకొండు వరసలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఏడో వరసలో నడిమధ్యన ఒక గీత ఎక్కువగా ఉంది. చిన్నదేం కాదు, ముదురుగా ఉంది.

నోట్‌బుక్‌లో "7: కడగడంలో లోపం. తొలగించాను" అని రాసి సంతకం పెట్టాను. భోజనానికి వెళ్ళాను.

పదకొండు నెలల తర్వాత డాక్టరు అక్క కడుపులో గడ్డ ఉందన్నాడు. అప్పటికే ముదిరిందన్నాడు.

ఆగస్టు 13

ఆరోజు రెండుసార్లే కడిగి ఉంటాను.

ఆగస్టు 14

కచ్చితంగా రెండుసార్లే. ఆ నెల పని ఒత్తిడి అలాంటిది.

ఆగస్టు 19

మా ఆఫీసులో రక్తం ఇచ్చినవాళ్ళ సమ్మతి పత్రాలన్నీ ఒకావిడ దగ్గర ఉంటాయి. అందరూ కాగితాలావిడ అంటారు. ఆవిడ పని సాగనివ్వలేదు. రక్తం ఇచ్చిన మనిషి పోయాక దాని మీద మళ్ళీ పరీక్ష చేయాలంటే ఇంటివాళ్ళ సంతకం తేవాలట.

"పోయారని నీకెలా తెలుసమ్మా?" అని కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"మా అక్క."

ఆవిడ అయ్యో అనలేదు. డ్రాయరు తెరిచి ఫారం తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇచ్చింది. మనసులో ఆవిడకు దండం పెట్టుకున్నాను. అయ్యో అన్నవాళ్ళకు ఏం బదులు చెప్పాలో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

మేడమ్‌కు కూడా చెప్పక తప్పలేదు. "వేరేవాళ్ళ చేత చేయిస్తానులే" అంది. వద్దు, నేనే చేస్తానన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

బావ ఇంటికి వెళ్ళాను. అక్క ఇల్లు అని రాయబోయి ఆగాను.

అక్క పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. వంటింటి కిటికీలో ఎర్ర పెన్సిళ్ళ డబ్బా ఇంకా అలాగే ఉంది. బావ లిఫ్టు మెకానిక్. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది, ఆదివారం కూడా. నన్ను చూసి టీ పెట్టాడు. పాప తన గదిలోంచి రాలేదు. పాప అంటే అక్క కూతురు, పదిహేడేళ్ళు, ఈ ఏడే కాలేజీలో చేరింది.

"దానికి నాతో మాటల్లేవు" అన్నాడు బావ, గది తలుపు వైపు చూడకుండా. "తిండి పెడితే తింటుంది. అంతే."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ. ఒకే ఒక్క మాటంది. మాత్రలిచ్చింది నువ్వే కదా నాన్నా అంది." చెంచాతో టీ తిప్పుతూనే ఉన్నాడు, ఎప్పుడో కరిగిపోయిన చక్కెర కోసం. "తప్పేముంది అందులో? ఎక్కడో నాలుగో అంతస్తులో బేరింగు అరిగితే కింద నిలబడి చెప్తాను నేను. నా పక్కన మనిషి పొట్ట పట్టుకుని కూర్చుంటే, గ్యాసే, ఓ మాత్రేసుకో అన్నాను. ఒకరోజు కాదు. ఎనిమిది నెలలు."

అక్కడ నేనొక మాట చెప్పాల్సింది. చెప్పడానికి చోటు కూడా ఉంది, బావ ఆగాడు. "ఎవరైనా అలాగే అనుకుంటారు బావా, మీ తప్పేం లేదు" అన్నాను. ఈ మాట ఆస్పత్రిలో నర్సు కూడా అంది. పక్కింటావిడ కూడా అంది.

ఫారం తీశాను. బావ చదవలేదు. ఎందుకని అడగలేదు. పెన్సిల్ గుర్తు దగ్గర సంతకం చేసేశాడు. తర్వాత అడిగాడు.

"అయితే మీ అక్కది ఇంకా అక్కడేమైనా ఉందా?"

"ఒక్క ట్యూబుంది. చిటికెనవేలంత."

"ఫ్రిజ్‌లోనా?"

"మైనస్ ఎనభైలో పెడతాం."

"దానికి చలి పడదు" అన్నాడు.

బయటికి వచ్చి బస్సెక్కాను. సీటు దొరికింది. కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను. నాకేమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది.

ఆగస్టు 30

గుర్తు చేసుకుంటే మార్చి ఇరవైన కరెంటు కూడా పోయినట్టుంది. సెంట్రిఫ్యూజ్ మధ్యలో ఆగి ఉంటుంది. అలాంటప్పుడు సరిగ్గా కడగడం కుదరదు.

సెప్టెంబరు 2

మేడమ్ అడిగింది. రేపు చేస్తానన్నాను.

సెప్టెంబరు 3

రేపు.

సెప్టెంబరు 9

చేశాను.

ఫ్రీజర్ తెరిస్తే పొగలా చలి వచ్చి మోచేతుల దాకా పట్టింది. ట్యూబు మీద మంచు బొటనవేలితో తుడిస్తే 7 కనబడింది. నా రాతే. అంకె మధ్యలో అడ్డగీత పెడతాను, ఒకటితో కలిసిపోకుండా. కరిగేదాకా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అలా చేయకూడదు, ఐసులో పెట్టి మెల్లగా కరగనివ్వాలి. తర్వాత గుర్తొచ్చి ఐసులో పెట్టాను.

ఎర్రనీళ్ళు కలిపాను. గంటసేపు పక్కనే కూర్చున్నాను. ఒకసారి తిప్పి కడిగాను, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టాను. రెండోసారీ అంతే. మూడోసారి కడిగేటప్పుడు మేడమ్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, టిక్కు పక్కన ఆవిడ సంతకం కూడా తీసుకున్నాను. "ఎందుకింత?" అంది. "రేపు ఎవరూ అనకుండా" అన్నాను.

గీత రాకూడదు. రాకపోతే పోయినేడు నేను పని సరిగ్గా చేయలేదని తేలిపోతుంది. బద్ధకస్తురాలిని, చేతకానిదాన్ని అని రుజువైపోతుంది. చేతకానిదాన్నైతే బాగుండునని నా బతుకులో ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

జెల్‌ను రంగులో వేసి ఇంటికి వచ్చాను.

సెప్టెంబరు 10

వచ్చింది.

సెప్టెంబరు 11

అదే చోట, అంతే ముదురుగా.

మేడమ్ చాలాసేపు చూసింది. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. "చూడు. ఒక్క మనిషి, ఒక్క గీత. ఆ ప్రొటీన్ ఏమిటో ఇప్పటికీ మనకు తెలియదు. జలుబు చేసినా రావచ్చు. దీన్ని పట్టుకుని అప్పుడు నువ్వు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, వెళ్ళి నిద్రపోమ్మా అనేవాడు. నిన్ను నువ్వు చంపుకోకు."

మేడమ్ చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చెబుతాను. క్యాంటీన్‌కు వెళ్ళి పెట్టినదంతా తిన్నాను. ఏం పెట్టారో ఇప్పుడు గుర్తు లేదు.

సెప్టెంబరు 12

పోయినేటి నోట్‌బుక్ తెరిచాను.

అది నా కుర్చీ వెనక అలమరలోనే ఉంది. తల తిప్పితే కనిపించేంత దూరంలో, నెలరోజుల పైన. నేను తల తిప్పలేదు. మార్చి ఇరవై, ఏడో నంబరు, మూడు టిక్కులు. కరెంటు పోయినట్టు ఎక్కడా లేదు. పోతే రాస్తాను నేను, అంత చాదస్తం ఉంది.

ఇంకొకటి కూడా రాసేస్తాను, ఇక్కడైనా. సరిగ్గా కడగకపోతే వరసలోని గీతలన్నీ లావెక్కి అలుక్కుపోతాయి. కొత్త గీత ఒక్కటే నడిమధ్యన పుట్టుకురాదు. కొత్తవాళ్ళకు ఈ పాఠం చెప్పేది నేనే. పోయినేడు కూడా నాకు తెలుసు. ఒక గీత వల్ల వ్యాసంలో వేసే బొమ్మ చెడుతోంది, మళ్ళీ చేయాలంటే నాలుగు రోజులు పడుతుంది, కాబట్టి తప్పు నా మీద వేసుకుని చేతులు దులుపుకున్నాను. నా మీద వేసుకోవడం తేలిక. కొట్టేసి సంతకం పెడితే అయిపోతుంది.

అది అక్క రక్తమని కూడా తెలుసు. తెలిసే, మళ్ళీ చూడలేదు.

సెప్టెంబరు 15

రెండో ఫలితం ఫైల్లో పెట్టడానికి కాగితాలావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సీలు వేసిన కవరు చింపి అక్క పాత ఫారం తీసింది, బావ సంతకం చేసింది దానికి జతచేయాలట. రెండూ సరిచూస్తూ ఒకచోట వేలు ఆపింది.

"పరీక్షలో అసాధారణమైనదేమైనా కనిపిస్తే తెలియజేయాలా అన్నచోట అవును అని ఉందే. తెలియజేశారా?"

ఆ గడి గురించి ఆరోజు అక్క అడిగింది. "దానికేముందే, ఊరికే పెడతారు, ఏదో ఒకదానికి టిక్కు పెట్టెయ్" అన్నాను. ఏదో ఒకటి పెట్టే మనిషి కాదు అక్క. ప్రూఫులు దిద్దినట్టే ఫారం మొత్తం నింపింది. గడిలో టిక్కు ఉంది. దాని కింద, ఎవరి ద్వారా తెలియజేయాలి అన్న గీత మీద, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

మా చెల్లెలు ఇక్కడే పనిచేస్తుంది. అది చెప్తుంది.

"ఏం రాయమంటావమ్మా?" అంది కాగితాలావిడ.

"ఇంకా చెప్పలేదని రాయండి" అన్నాను.

ఆవిడ అలాగే రాసింది. నకలు కావాలంటే తీసి ఇచ్చింది.

సెప్టెంబరు 16

తేలితేనే చెప్పమని అక్క అడగలేదు. కనిపిస్తే చెప్పమంది.

సెప్టెంబరు 17

పనికి వెళ్ళాను. తిన్నాను.

సెప్టెంబరు 19

బావకు చెబితే ఏమవుతుంది? గుమ్మం ఎక్కవద్దనవచ్చు. పాప ఇక నా మొహం చూడదు. నాకున్నది ఆ ఒక్క ఇల్లే. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. బావ అలాగే టీ తిప్పుకుంటూ ఉంటాడు, పాప అలాగే తలుపు వేసుకుని ఉంటుంది, నేను ఆదివారం ఆదివారం వెళ్ళి మీ తప్పేం లేదు బావా అని వస్తుంటాను.

సెప్టెంబరు 21, ఆదివారం

వెళ్ళాను. కూర్చోకుండానే ఫారం నకలు బల్ల మీద పెట్టాను. ముందు చెప్పడం మొదలుపెడితే మళ్ళీ మాట దాటేస్తానని భయం.

బావ కళ్ళద్దాలు తెచ్చుకుని చదివాడు. అక్క రాత దగ్గర ఆగిపోయాడు. చదవడానికి అక్కడ ఎక్కువేం లేదు, రెండే వాక్యాలు.

"కనిపించింది బావా" అన్నాను. "పోయినేడు మార్చి ఇరవైన. మిగతావాళ్ళెవరికీ లేని గీత ఒకటి అక్కకు వచ్చింది. అది జబ్బేనని ఎవరూ చెప్పలేరు. కానీ కనిపించింది. నేను కొట్టేశాను."

"మార్చి" అన్నాడు. వేళ్ళు ముడిచాడు. "నొప్పని అన్నది జూన్‌లో."

"అవును."

"అంటే మాత్రలకన్నా ముందే."

"ముందే."

లేచాడు. తలుపు తీసి వెళ్ళమంటాడనుకుని సంచీ భుజానికి తగిలించుకున్నాను. బావ టీవీ కింద సొరుగు లాగి ఏదో వెతికాడు. మాత్రల అట్ట ఒకటి తెచ్చి ఫారం పక్కన పెట్టాడు. పదింటిలో ఎనిమిది ఖాళీ. పారేయకుండా దాచుకున్నాడన్న మాట, మూడు నెలలుగా.

"నాది ఇది" అన్నాడు. "కూర్చో."

కూర్చున్నాను. ఇద్దరం బల్ల వైపే చూస్తున్నాం. బావ తిట్టలేదు, ఓదార్చలేదు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

పాప గది తలుపు తీసి మంచినీళ్ళకు వచ్చింది. గ్లాసు నింపుకుని వెళ్ళిపోబోతూ బల్ల మీదికి చూసింది.

"అమ్మ రాతా అది?"

"ఊఁ" అన్నాడు బావ. "కూర్చోమ్మా. మేమిద్దరం నీకొకటి చెప్పాలి."

పాప వాళ్ళ నాన్న మొహంలోకి చూడడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. మాత్రల అట్ట చూసింది. ఫారం చదివింది. రెండోసారి చదివింది. వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుంది.

"ముందు నువ్వు చెప్పు పిన్నీ" అంది.

"పోయినేడు మార్చిలో మీ అమ్మ మా ల్యాబ్‌కి వచ్చింది" అన్నాను. "సూది గుచ్చుతుంటే నా చెయ్యి పట్టుకుంది." తర్వాతి మాటకు బదులు ఇంకేదో వచ్చింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. తొంభై నాలుగు రోజులు ఎక్కడుందో, ఇప్పుడు కళ్ళలోంచి, ముక్కులోంచి, నోట్లోంచి వచ్చింది. పాప గ్లాసు నా వైపు జరిపి, "తాగి చెప్పు, మొత్తం చెప్పు" అంది. గొంతు గట్టిగానే ఉంది, అక్క గొంతులా.

మొత్తం చెప్పాను. నాది అయ్యాక బావ చెప్పాడు. నేను వెళ్ళేటప్పుడు పాప గుమ్మం దాకా వచ్చింది. వచ్చే ఆదివారం రమ్మనలేదు. లోపలికి వెళుతూ, "నాన్నా, టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టనా?" అనడం మాత్రం మెట్ల మీద వినిపించింది.

సెప్టెంబరు 22

పొద్దున్నే వెళ్ళి పోయినేటి నోట్‌బుక్ తీశాను. మార్చి ఇరవై. "కడగడంలో లోపం. తొలగించాను" అన్నదాని మీద ఒక్క గీత గీశాను, కింద రాసింది కనిపించేలా. పక్కన రాశాను: "లోపం లేదు. మూడుసార్లు కడిగాను. ఏడో నంబరును తిరిగి చేర్చాను."

తేదీ వేసి సంతకం పెట్టాను.